నేలకీ నాకూ మధ్య జానెడు

నేను ఒక మడ్‌ఫ్లాప్‌ని. మీరు నన్ను చాలాసార్లు చూసే ఉంటారు, పట్టించుకుని మాత్రం ఉండరు. తప్పు మీది కాదులెండి. బండిని ఎవరైనా ముందు నుంచి చూసి ముచ్చటపడతారు గాని, వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని చూసేవాళ్ళు ఎంతమంది? చక్రం వెనకాల వేలాడుతూ, అది చిమ్మే బురదనీ రాళ్ళనీ ఒంటి మీద కాచుకునే నల్లటి రబ్బరు రేకుని నేను. నా పనే అంత. నేను బాగా పనిచేస్తే ఎవరికీ ఏమీ తెలియదు, నేను లేనప్పుడే నా సంగతి గుర్తుకొస్తుంది.

ఎక్కడో పేరు తెలియని ఊళ్ళో, చుర్రుమని కాలుతున్న రెండు ఇనప అచ్చుల మధ్య ఒక రబ్బరు ముద్దని పెట్టి నొక్కితే పుట్టాను. నాతో పాటు పుట్టిన ఇంకొకడు నా జంట. మేమిద్దరం పెద్ద లారీల వెనక చక్రాలకని తయారైనవాళ్ళం. వేలెడు మందం, నడుం ఎత్తు. మమ్మల్ని కట్టగట్టి సాలూరు పంపించారు. సాలూరంటే లారీల ఊరు. అక్కడ పొద్దున లేస్తే సుత్తి దెబ్బలే వినిపిస్తాయి.

మమ్మల్ని ఒక స్పేర్ పార్టుల కొట్లో, చీరల దుకాణంలో చీరలు వేలాడదీసినట్టు కొక్కేలకి తగిలించారు. ముందు వరసలో సింహం మొహం ఉన్నవి, గులాబీలు ఉన్నవి, నాలుక బయటపెట్టిన దిష్టిబొమ్మ ఉన్నవి. మేము ఏ బొమ్మా లేని మొద్దులం కనక చివరి కొక్కెం మాది. ఎనిమిది నెలలు అలాగే వేలాడి మనుషుల్ని చూశాను. బండికి మడ్‌ఫ్లాపులు కొనడానికి వచ్చినవాళ్ళు తెల్ల అక్షరాలా, ఎర్ర అక్షరాలా అని అరగంట కొట్టుకుంటారు. కూతురి పేరు ఏ పక్క రాయించాలి, కొడుకు పేరు ఏ పక్క రాయించాలి అని ఇంటికి ఫోను చేసి అడుగుతారు. రబ్బరు మందం ఎంతో, బండి చక్రం వెడల్పు ఎంతో అడిగినవాడు నాకు గుర్తులేడు. మొదటి వానకి అందరి పేర్లూ బురద కిందే ఉంటాయని చెబుదామంటే నాకు నోరు లేదాయె.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం, వాన వెలిసిన కాసేపటికి, ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. గళ్ళ చొక్కా. దాని జేబు ఏదో బరువుకి కిందికి సాగిపోయి, ఓ మూల కుట్టు ఊడిపోయి ఉంది. కొట్టువాడు అలవాటుగా సింహం మొహాన్ని ముందుకు లాగి చూపించాడు. ఆయన దాన్ని చేత్తో తడిమి, రెండడుగులు వెనక్కి వేసి, జేబులోంచి నిమ్మకాయంత రాయి తీసి దాని మీదికి బలంగా విసిరాడు. సింహం మొహం గాల్లోకి లేచింది. రాయి కింద నుంచి దూరి వెనకున్న ఆయిలు డబ్బాని ఠంగుమనిపించింది.

"ఏటి బాబూ ఇదీ! కొట్లోకొచ్చి రాళ్ళేత్తన్నావు?" అని కొట్టువాడు లేచి నిలబడ్డాడు.

"సూత్తన్నానండి. ఏది ఆపుద్దో సూడాల గదా" అని ఆయన ఆ రాయిని వెతికి తెచ్చుకుని, ఈసారి గులాబీలని కొట్టాడు. తర్వాత దిష్టిబొమ్మని. అలా వరసగా కొట్టుకుంటూ చివరి కొక్కెం దాకా వచ్చాడు. నా పొట్టలో రాయి తగిలింది. నేను కొంచెం ఊగాను, అంతే. రాయి నా కాళ్ళ దగ్గరే పడింది. ఆయన దాన్ని తీసి తుడిచి మళ్ళీ జేబులో వేసుకుని, "ఈ రెండూ ఇప్పండి" అన్నాడు. ఎనిమిది నెలల తర్వాత నాకు పెళ్ళి కుదిరినంత పనయింది.

ఆయన పేరు తవిటినాయుడు. కొండ కిందనుంచి ఈతమానువలస దాకా జీపు నడుపుతాడు. ఎక్కడో వేలంలో కొన్న పాత జీపు, నాలుగు చక్రాలూ ఇంజను బలంతో తిరిగే రకం. వానాకాలం ఆ కొండదారిలో వేరే బండి వెళ్ళదు. మమ్మల్ని భుజాన వేసుకుని ఎదురుగా ఉన్న సోములు మేస్త్రి షెడ్డుకి తీసుకెళ్ళాడు. సోములు మేస్త్రి అరవై దాటినవాడు. మమ్మల్ని చూడగానే పెదవి విరిచాడు.

"లారీకి కట్టాల్సింది జీపుకెట్టమంతావేటి నాయుడూ? ఏనుగు సెవులు మేకకి ఎట్టినట్టుంటాది."

"ఉండనీ మేస్త్రీ. రాయి దూరకుండా ఉంటే సాలు."

జీపు అడుగున ఇనప పట్టీకి బెజ్జాలు వేస్తూ మేస్త్రి అసలు సంగతేమిటని అడిగాడు. తవిటినాయుడు పక్కన కూర్చుని చెప్పాడు. నాకూ అప్పుడే తెలిసింది.

ఈతమానువలసకి కొంచెం ముందర గుండ్రాళ్ళ మెట్ట అని ఒకటుంది. నిట్టనిలువు ఎక్కుడు. అక్కడ జనమంతా జీపు దిగిపోవాలి. మూటలు బండిలో ఉంటాయి, మనుషులు వెనక నడుస్తారు. అందరికంటే ముందు, చక్రానికి నాలుగడుగుల దూరంలో, ఒకరు అడ్డుచెక్క పట్టుకుని నడవాలి. బండి ఆగి వెనక్కి జారితే ఆ చెక్కని చక్రం కింద పెట్టెయ్యాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే బండీ మూటలూ అన్నీ లోయలోకే. ఏళ్ళ తరబడి ఆ చెక్క పట్టేది చిలకమ్మ. ఊళ్ళో బట్టలు కుట్టే మనిషి, తవిటినాయుడు అప్ప అని, అంటే అక్క అని, పిలిచే మనిషి. ఒంటరిది, ఆ మిషనే ఆమెకి దిక్కు. సూదిలో దారం ఎక్కించే చూపు, తడబడని చెయ్యి ఉన్నాయని ఊరంతా కలిసి ఆ పని ఆమెకి అప్పజెప్పారు.

తవిటినాయుడి జీపుకి అంతకుముందు పల్చటి మడ్‌ఫ్లాపులు ఉండేవట. నాలుగేళ్ళ కిందట బండి వెనక్కి తీస్తుంటే టైరు తొక్కి ఒకటి ఊడిపోయింది. రెండోది ఒంటిగా వేలాడుతుంటే బాగాలేదని తనే పీకి పారేశాడు. మళ్ళీ వేయించాలని ప్రతి వానాకాలం అనుకోవడమే. పది రోజుల కిందట సంత నుంచి వస్తుంటే, మెట్ట మధ్యలో చక్రం తిరిగి తిరిగి ఒక రాయిని వెనక్కి విసిరింది. అది నేరుగా చిలకమ్మ కుడికంట్లో తగిలింది.

"తిట్టుంటే బాగున్ను మేస్త్రీ. అప్ప తిట్టనేదు. కన్ను పట్టుకోని కూలబడింది గానీ చెక్క మాత్రం వొదల్నేదు, బండి పైకెక్కీదాకా. నాను దిగొచ్చి సూసీసరికి కొంగు అడ్డెట్టుకోని, కిందున్న రాయి తీసి నా సేతిలో ఎట్టింది. 'ఇది నీ బండిదే. నీకాడ ఉంచుకో' అన్నాది."

జేబు సాగిపోయింది ఎందుకో అప్పుడు అర్థమైంది నాకు.

కంటి డాక్టరు వారం వారం రావాలన్నాడట. చీము పట్టకుండా చూసుకోవాలి, అశ్రద్ధ చేస్తే ఆ కన్ను పోతుందన్నాడట. తవిటినాయుడు వారం తిరిగేసరికి పొద్దున్నే జీపు తీసుకెళ్ళి ఆమె గుమ్మం ముందు ఆపాడు. చిలకమ్మ ఎక్కలేదు.

"కోపమా అప్పా అన్నాను. కోపమేటి అన్నాది. 'నాను లోపల కూకుంటాను. ఎనకాల చెక్కట్టుకోని ఇంకోలు నడుత్తారు. ఆలకీ కళ్ళుంటాయి గదా. నీ బండి రాళ్ళేసినన్నాళ్ళూ నాను ఎక్కను' అన్నాది. వానలో కర్ర పొడుసుకుంటూ నడిసెల్లింది. దార్లో రెండు పాలి పడిపోనాదంట. ఆస్పత్రి మూసీసినాక సేరిందంట. సూపించుకోకుండా తిరిగొచ్చీసింది." తవిటినాయుడు జేబులోని రాయిని తడుముకున్నాడు. "అప్ప కన్ను పోతే, నాను ఈ బండి నడపను మేస్త్రీ."

మేస్త్రి బెజ్జాలు వెయ్యడం ఆపాడు. తర్వాత నన్ను ఎత్తి పట్టుకుని కొలత చూశాడు. "నేలకీ దీనికీ జానెడు కాళీ ఉండాల. కింద కోసెయ్యాల" అన్నాడు.

తవిటినాయుడు అడ్డంపడ్డాడు. "కాళీ అంటే రాయి దూరీ కాళీయే గదా! ఒక్క అంగుళం కూడా కొయ్యొద్దు. నేలకి తగిలీలాగ బిగించు."

"ఎనక్కి తీసినప్పుడు టైరు తొక్కీసుద్ది నాయుడూ. ఒకపాలి జరిగింది గదా నీకు?"

"అది పల్చన. ఇది సూడు, గేదె తోలులాగుంది. దీన్నేటి తొక్కుద్ది?"

మనుషుల్లో నాకు నచ్చేదీ ఇదే, నచ్చనిదీ ఇదే. తప్పు చేసి బాధపడుతున్న మనిషి, ఆ బాధ ఎంత ఉందో దిద్దుబాటు కూడా అంత పొడుగు ఉండాలనుకుంటాడు. మేస్త్రికి తెలుసు, చెప్పాడు కూడా. కాని ఎదుటివాడి కళ్ళలో నీళ్ళు చూసి కోసే కత్తి పక్కన పెట్టేశాడు. నాలుగు బోల్టులు, పెద్ద వాషర్లు వేసి నన్ను కుడి చక్రానికి, నా జంటని ఎడమ చక్రానికి బిగించాడు. మా అంచులు నేలని రాస్తున్నాయి. తవిటినాయుడు నాలుగువైపులా తిరిగి చూసుకుని, మొదటిసారి నవ్వాడు.

మర్నాడే చిలకమ్మ ఇంటికి వెళ్ళాం. ఆమె గుమ్మంలో మిషను ముందు ఊరికే కూర్చుని ఉంది. కుడికంటికి తెల్లటి గుడ్డ కట్టు. పక్కన కుట్టాల్సిన గుడ్డలు కుప్పగా పడున్నాయి. కట్టు చుట్టూ మొహం వాచి ఉంది. ఆ వాపు చూసి నాకే భయం వేసింది.

"అప్పా, సూడు! గోడ కట్టినట్టు కట్టించీసినాను. సీమ కూడా దూరదు. ఇంక ఎక్కు, ఆస్పత్రికెల్దాం" అన్నాడు తవిటినాయుడు. ఆమె లేచి రాలేదు. కూర్చున్న చోటునుంచే ఎడమకంటితో మమ్మల్ని పైనుంచి కిందికి చూసింది. "బండి తిప్పు, ఆ పక్కది కూడా సూత్తాను" అంది.

తిప్పాలంటే వెనక్కి తీయాలి. తీశాడు. చక్రం వెనక్కి దొర్లి నా అంచుని తొక్కింది. తొక్కి, నన్ను తన కిందికి లాక్కుంది. నా పైన రెండు బోల్టులు ఫట్‌ఫట్‌మని తెగిపోయాయి. మిగిలిన రెండింటి మీద నేను తెగిన చెప్పులా వేలాడిపోయాను. ఎవరి ముందు మాట దక్కాలని తెచ్చాడో ఆమె కళ్ళెదుటే నా పరువు, ఆయన పరువు రెండూ ఒక్కసారే నేల మీద పడ్డాయి. తవిటినాయుడు స్టీరింగు మీద తల ఆనించి ఉండిపోయాడు. నాకు ఆయన మీద జాలి వేసింది, నా మీద నాకు సిగ్గు వేసింది.

అప్పుడు చిలకమ్మ లేచి వచ్చింది. గోడ పట్టుకుని, మెల్లగా. నా పక్కన చతికిలబడి నా అంచుని రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది, లంగా అంచు చూసినట్టు.

"నేలకి రాసీ లంగా ఏసుకుంటే ఏటవుద్ది? కాలు పడి బోర్లాపడతాం. ఇది అంతే. ఒరే తవుటూ, ఆ సూరులో అడ్డుచెక్క ఉంది, అట్టుకురా."

చెక్క తెచ్చాడు. ఆమె దాన్ని నా పక్కన నేల మీద నిలబెట్టింది. "ఇంత పొడుగు ఏలాడేత్తే, బండి జారినప్పుడు నాను చెక్క ఎటునుంచి ఎట్టాల? నీకది తట్టిందా?" అంది. తవిటినాయుడు చెక్కనీ చక్రాన్నీ మార్చి మార్చి చూశాడు. పదేళ్ళుగా ఆ మెట్ట ఎక్కుతున్నాడు. ఆ చెక్క ఎటునుంచి పెడతారో ఒక్కసారి కూడా చూడలేదు. డ్రైవరు ఎప్పుడూ ముందు కూర్చునేవాడే కదా.

చిలకమ్మ బట్టల మీద గీత గీసే సుద్దబిళ్ళ తెప్పించుకుని, చెక్క ఎత్తుకి రెండు వేళ్ళు పైన నా ఒంటి మీద అడ్డంగా గీత గీసింది. ఒంటికంటితో గీసినా గీత వంకర పోలేదు. "ఇక్కడికి కోయించు. అడుగున ఇనప బద్ద ఏయించు, పరదాకి అడుగున బరువు ఎడతాం సూడు, అలాగ. లేకపోతే గాలికి లేచిపోద్ది" అంది. కోసిన ముక్క పారెయ్యొద్దనీ, మిషను కాళ్ళ కింద పెట్టుకుంటాననీ చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. జీపు మాత్రం ఎక్కలేదు.

సోములు మేస్త్రి నా మీది సుద్దగీత చూసి, జాన పెట్టి కొలుచుకున్నాడు. సరిగ్గా జానెడు. "ఎవులు గీసినారిది?" అని అడిగి, సంగతి విని, మమ్మల్ని కోసి ఇనప బద్దలు రివిట్లు కొట్టి బిగించాక, "పద, నానూ వత్తాను. నా నలభై ఏళ్ళ కొలత ఓ చెక్కముక్కతో తేల్చీసిన మనిషిని సూడాల" అని జీపులో ఎక్కాడు. కోతకి నాకు నొప్పి వేసిందా అంటే, ఏమో, చెప్పలేను. తేలికైన మాట నిజం.

చిలకమ్మ మమ్మల్ని చూసి, "మెట్ట ఎక్కించి సూపించు. ఎనకాల నాను నడుత్తాను" అంది. తవిటినాయుడు వెంటనే తల అడ్డంగా ఊపాడు. తాళంచెవి తీసి మేస్త్రి చేతిలో పెట్టి, ఆమె చేతిలోని అడ్డుచెక్క తను తీసుకున్నాడు.

"నువ్వు గట్టు మీద నిలబడి సూడప్పా. ఈపాలి నాను నడుత్తాను."

మేస్త్రి మెట్ట దిగువనుంచి ఫోర్ వీల్ గేరు వేసి బండి కదిపాడు. చక్రాలు కంకరని తవ్వడం మొదలుపెట్టాయి. మొదటి రాయి నా ఛాతీకి తగిలి కిందపడింది. రెండోది ఇనప బద్దకి తగిలి ఖంగుమంది. తర్వాత లెక్కలేదు. నా వెనక నాలుగడుగుల దూరంలో తవిటినాయుడు చెక్క పట్టుకుని వంగి నడుస్తున్నాడు. పొగ ఆయన మొహం మీదికి కొడుతోంది. పిక్కల దాకా బురద. ఆగకుండా దగ్గుతూ, తన బండి వెనకభాగాన్ని ఎప్పుడూ చూడనట్టు చూస్తూ వచ్చాడు. చూడనే లేదు మరి! నేను చేయగలిగిందల్లా చేశాను. ఒక్క రాయిని కూడా ఆయన మోకాలు దాటి పోనివ్వలేదు.

మెట్ట మధ్యలో ఇంజను ఒక్కసారి కొట్టుకుని ఆగిపోయింది. ఆ ఎక్కుడు మేస్త్రికి కొత్త. బ్రేకు పట్టేలోగా బండి వెనక్కి జారింది. తవిటినాయుడు కొయ్యబారిపోయాడు.

"కుడి చక్రం! ఒంగో, ఎట్టు!" అని గట్టు మీదనుంచి చిలకమ్మ కేక వేసింది.

ఆయన వంగాడు. చెక్క నా కిందనుంచి, ఆ జానెడు ఖాళీలోంచి, నన్ను ముట్టుకోకుండా దూరి చక్రం కింద పడింది. బండి దాని మీదికి ఎక్కి, మూలిగి, నిలిచింది. చక్రానికీ నాకూ మధ్య నాలుగు వేళ్ళ దూరం మిగిలింది. తవిటినాయుడు అక్కడే బురదలో కూర్చుండిపోయాడు.

"ఇన్నేళ్ళూ ఇలాగ నడిసినావా అప్పా?" అన్నాడు.

చిలకమ్మ మేస్త్రికి, బండి పోనిమ్మని చెయ్యి ఊపింది. బండి పైకి చేరాక, గట్టు దిగి వచ్చి, చెయ్యి ఆసరా ఇమ్మని అడిగి ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. "తొందరగా పోనీ, ఆస్పత్రి మూసీకముందు ఎల్లాల" అంది. వెనక వేలాడుతూ నేను ఆ మాట విన్నాను. నా జన్మలో అంత ఇష్టంగా బురద తిన్న రోజు ఇంకోటి లేదు.

డాక్టరు ఆలస్యం చేశారని కోప్పడ్డాడట. ఇంకో రెండు రోజులైతే తన చేతుల్లో ఉండేది కాదన్నాడట. ఆ తర్వాత ఆరు వారాలు, వారానికోసారి, ఆమె ముందు సీట్లో, నేను వెనక. ఏడో వారం కట్టు విప్పారు.

ఆరోజు సంగతి నాకెలా తెలుసంటారా? నాలోంచి కోసిన ముక్క అప్పటికే నాలుగు తునకలై ఆమె మిషను కాళ్ళ కింద ఉంది. అదీ నేనే కదా. ఇప్పుడు తవిటినాయుడి పాత జీపు తుక్కు కింద పోయింది. పోయేముందు ఆయన నన్ను విప్పి తెచ్చి చిలకమ్మ గుమ్మంలో వేశాడు. వచ్చేపోయేవాళ్ళు నా మీద కాళ్ళు తుడుచుకుంటారు. నాకేమీ నామోషీ లేదు, బురద నాకు పాత చుట్టమే. మిషను కింద ఉన్న నా ముక్కలూ, గుమ్మంలో ఉన్న నేనూ ఒకే ఇంట్లో ఉన్నాం. వాటికి తెలిసింది నాకూ తెలిసింది.

ఆ ఏడో వారం, కట్టు విప్పించుకుని వచ్చి చిలకమ్మ మిషను ముందు కూర్చుంది. తవిటినాయుడు గుమ్మంలోనే నిలబడ్డాడు. "కనపడతందా అప్పా?" అని అడగడానికి ఆయనకి ధైర్యం చాలడం లేదు. ఆమె ఆయన వైపు చూసింది, ఆయన మొహం వైపు కాదు, జేబు వైపు.

"సొక్కా ఇప్పు" అంది.

విప్పి ఇచ్చాడు. ఆమె జేబులోంచి రాయి తీసి పక్కన పెట్టింది. సూదిని వెలుగుకి ఎదురుగా పట్టుకుని ఎడమ కన్ను మూసుకుంది. దారం కొస నాలుకతో తడిపి మొదటిసారి ఎక్కించబోయింది. తప్పింది. రెండోసారీ తప్పింది. తవిటినాయుడు తలుపు చెక్క పట్టుకున్నాడు. మూడోసారి దారం సూది బెజ్జంలోంచి అవతలికి వచ్చింది. ఆమె దాన్ని లాగి, ముడి వేసి, ఏమీ జరగనట్టు ఊడిన జేబు మూల కుట్టడం మొదలుపెట్టింది. తవిటినాయుడు మాత్రం గుమ్మంలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె ఏడవనిచ్చింది.

కుట్టు అయ్యాక చొక్కా విదిలించి ఇచ్చింది. ఆయన తొడుక్కుని, అలవాటుగా రాయి కోసం చెయ్యి చాపాడు. చిలకమ్మ అప్పటికే దాన్ని తీసి, ముందు పరిచి ఉన్న జాకెట్టు గుడ్డ ఎగిరిపోకుండా దాని మీద పెట్టేసింది.

"అది ఇంక నాకాడుంటాది" అని కత్తెర అందుకుంది.